పళ్లన్నీ బాగానే ఉన్నాయంటున్నారు, మరి ఈ దవడ నొప్పి ఏమిటి?

పాఠకుల ప్రశ్నలు, దంతవైద్యురాలి జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో ఒకటే బాధ. దవడలు పట్టేయడం, కణతలు లాగడం, నిద్రలో పళ్లు కొరకడం. అందుకే ఈ శీర్షిక మొత్తం దవడకే ఇచ్చేస్తున్నాను. మొదటి ఉత్తరానికి జవాబు పొడుగ్గా ఉంటుంది, మిగతావాళ్లకు కావాల్సింది కూడా చాలావరకు అందులోనే ఉంది కాబట్టి ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 36 ఏళ్లు. బ్యాంకులో కౌంటర్ ఉద్యోగం. ఏడాదిగా పొద్దున లేచేసరికి దవడలు పట్టేసి ఉంటున్నాయి. కణతలు లాగుతాయి, కుడివైపు పైన వెనక పన్ను సలుపుతుంది. పళ్ల డాక్టర్ ఎక్స్‌రే తీసి పన్ను బాగానే ఉందన్నారు, ఇంకో చోటికి వెళ్తే రూట్ కెనాల్ చేసేద్దామన్నారు. చెవి డాక్టర్ చెవిలో ఏమీ లేదన్నారు. చివరికి ఒకాయన "అంతా టెన్షనమ్మా, మనసులోనే ఉంది, తగ్గించుకో" అన్నారు. అత్తయ్యగారికి పక్షవాతం వచ్చి మంచంలో ఉన్నారు, మావారికి వేరే ఊళ్లో ఉద్యోగం, బాబు పదో తరగతి. టెన్షన్ ఎక్కడ తగ్గుతుంది చెప్పండి? ఇంతకీ ఈ నొప్పి నేను ఊహించుకుంటున్నదేనా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఊహ కాదమ్మా. ముందు ఆ అనుమానం తీసేయండి. టెన్షన్ మనసులో మొదలై ఉండొచ్చు గానీ నొప్పి మాత్రం కండరంలో ఉంది, ఆ కండరాన్ని మీ వేళ్లతో మీరే పట్టి చూడొచ్చు.

రెండు చేతుల మూడేసి వేళ్లు చెవులకు కాస్త ముందు, చెంప ఎముక కింద ఆనించండి. ఇప్పుడు పళ్లు గట్టిగా బిగించండి. వేళ్ల కింద ఒక్కసారిగా ఉబ్బి గట్టిపడిందే, అది నమిలే కండరం, మాసెటర్ అంటాం. వేళ్లు కణతల మీదికి జరిపి మళ్లీ బిగించండి, అక్కడా కదులుతుంది, అది టెంపొరాలిస్. ఇప్పుడు పళ్లు వదిలేసి చెంప మీద మెల్లగా నొక్కుకుంటూ కింద దవడ మూల దాకా రండి. ఎక్కడో ఒకచోట బఠాణీ గింజంత గట్టిగా తగులుతుంది, అక్కడ నొక్కగానే "అమ్మో, ఇదే" అనిపిస్తుంది. కొందరికి ఆ నొప్పి అక్కడే ఆగకుండా పై పళ్లలోకో, చెవిలోకో, కణతలోకో పాకుతుంది. మీరు చెప్పిన పన్ను అలా నొక్కినప్పుడు సలిపిందంటే చాలావరకు దొంగ దొరికినట్టే.

పళ్లకు, ముఖానికి, నమిలే కండరాలకు అన్నింటికీ కబురు మోసేది ఒకటే నరం, ట్రైజెమినల్ అనే అయిదో కపాల నరం. అందుకే కండరంలో పుట్టిన నొప్పి పంటిలో పుట్టినట్టు తెలుస్తుంది. ఎక్స్‌రేలో ఏ లోపమూ లేని పన్ను ఏడాదిగా సలపడం, చెవి శుభ్రంగా ఉన్నా చెవిపోటు రావడం ఇలాగే జరుగుతుంది. రూట్ కెనాల్ సంగతి అడిగారు కాబట్టి సూటిగా చెప్తున్నాను. చల్లటి నీళ్లకో వేడి కాఫీకో ఆ ఒక్క పన్నే జివ్వుమని చాలాసేపు లాగడం, దాని మీద తట్టినప్పుడు మాత్రమే నొప్పి, చిగురు వాపు, ఎక్స్‌రేలో వేరు చివర నల్లటి నీడ, ఇలాంటి ఆధారం ఏదో ఒకటి చూపించి, నరం బతికి ఉందో లేదో పరీక్ష చేసి చెప్తేనే ఒప్పుకోండి. కండరం నొప్పికి పన్ను తవ్వితే నొప్పి పక్క పంటికి మారుతుంది. అది కూడా తవ్వించుకుని ఆ తర్వాత నా దగ్గరికి వచ్చిన వాళ్లను చూశాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

అసలు ఈ కండరం ఎందుకు అలిసిపోతుంది? మనం తిండి నమిలేటప్పుడు, మింగేటప్పుడు మాత్రమే పై పళ్లు కింది పళ్లను తాకాలి. అదంతా కలిపినా రోజుకు ఇరవై నిమిషాల లోపే. మిగతా సమయమంతా పెదవులు మూసుకుని ఉన్నా లోపల పళ్ల మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. టెన్షన్‌లో ఉన్నవాళ్లు ఆ ఖాళీ మూసేస్తారు. పటపటా కొరకనక్కర్లేదు, ఊరికే పళ్లు ఆనించి ఉంచినా చాలు, గంటల తరబడి అలా ఉంటే కండరం సొమ్మసిల్లుతుంది. నోట్లు లెక్కపెడుతున్నప్పుడు, సిస్టమ్ ఆగిపోయి ఎదురుగా జనం విసుక్కుంటున్నప్పుడు, అత్తయ్యగారిని మంచం మీద పక్కకు తిప్పేటప్పుడు మీ పళ్లు ఎక్కడున్నాయో ఒక్కసారి గమనించండి. మనిషిని ఎత్తేటప్పుడు మనం ఊపిరి బిగబట్టి దవడ కూడా బిగిస్తాం, మీరు రోజూ ఎన్నోసార్లు చేసే పని అది.

అద్దంలో చూసుకుంటే గుర్తులు కనిపిస్తాయి. నాలుక అంచుల వెంబడి పళ్ల అచ్చులు పడి గంట్లు గంట్లుగా ఉండటం, బుగ్గ లోపలివైపు పళ్లు కలిసే చోట తెల్లటి గీత, ముందు పళ్ల అంచులు అరిగి సమానంగా అయిపోవడం. ఇవన్నీ అందరికీ ఉండవు, ఉంటే మాత్రం అనుమానం బలపడుతుంది.

ఇక ఏం చేయాలి. "టెన్షన్ తగ్గించుకో" అనే సలహా నేను ఇవ్వను. మంచంలో ఉన్న పెద్దావిడను, ఉద్యోగాన్ని, పదో తరగతి పిల్లాణ్ని పెట్టుకుని అది మీ చేతుల్లో ఉన్న పని కాదు. కానీ టెన్షన్ పోయేదాకా దవడ ఆగక్కర్లేదు. బాధ్యతలు అలాగే ఉన్నా దవడ ఒక్కదాన్ని విడిగా వదులు చేసుకోవడం నేర్చుకోవచ్చు, నేర్చుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

మొట్టమొదట పగలు పట్టుకోండి. "అమ్మ" అనబోయి "అమ్‌" దగ్గర ఆపండి. పెదవులు కలిసి ఉన్నాయి, పళ్లు విడిగా ఉన్నాయి, అవునా? దవడ ఉండాల్సిన తీరు అదే. నాలుక కొన పై పళ్ల వెనక, "ల" అన్నప్పుడు తాకే చోట తేలిగ్గా ఆనించి ఉంచండి. నాలుక అక్కడ ఉన్నంతసేపూ పళ్లు బిగించడం కాస్త కష్టం. ఇప్పుడు కంప్యూటర్ మూలన ఒక బొట్టుబిళ్ల అంటించండి. ఇంట్లో స్టవ్ పక్కన గోడకు ఒకటి, అత్తయ్యగారి మంచం దగ్గర ఒకటి. కంటపడినప్పుడల్లా ఒకటే ప్రశ్న: పళ్లు తాకుతున్నాయా? తాకుతుంటే "అమ్‌" అనుకుని వదిలేయండి, భుజాలు కిందికి దించండి, నోటితో మెల్లగా గాలి వదలండి. మొదట్లో చూసిన ప్రతిసారీ తాకుతూనే కనిపిస్తాయి, దానికి బెంగపడకండి, గమనించడమే సగం వైద్యం. అత్తయ్యగారిని తిప్పేటప్పుడు, లేపేటప్పుడు "హా" అని గాలి వదులుతూ లేపండి. గాలి బయటికి పోతుంటే దవడ బిగుసుకోదు, నడుముకు కూడా మంచిది.

రాత్రి పడుకునే ముందు వేణ్నీళ్లలో ముంచి పిండిన చిన్న తువ్వాలు రెండు చెంపలకూ కలిపి పది పదిహేను నిమిషాలు పెట్టండి. చల్లారితే మళ్లీ ముంచండి. చర్మం ఓర్చుకునేంత వేడి చాలు. తర్వాత వేళ్లకు రెండు చుక్కల కొబ్బరినూనె రాసుకుని, పళ్లు విడిగా ఉంచి, చెంప ఎముక కింద నుంచి దవడ మూల దాకా చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు రుద్దండి. ఇందాకటి బఠాణీ దగ్గర ఆగి, నొప్పి హాయిగా అనిపించేంత ఒత్తిడితో అర నిమిషం నొక్కి పట్టి వదలండి. కణతలకూ అలాగే. కసిగా రుద్దితే మర్నాడు ఎక్కువ నొస్తుంది. ఆ తర్వాత నాలుక కొన అంగిలికి ఆనించి, అది అక్కడి నుంచి కదలకుండా ఎంతవరకు తెరవగలరో అంతవరకే నోరు తెరిచి మూయండి. అద్దం ముందు చేయండి, గడ్డం ఒక పక్కకు జరగకుండా నిటారుగా దిగుతోందో లేదో తెలుస్తుంది. చిలీ దేశపు ఫిజియోథెరపిస్ట్ మరియానో రొకబాడో ఇలాంటి ఆరు వ్యాయామాలు, ఒక్కోటి ఆరుసార్లు, రోజుకు ఆరు విడతలు చేయమంటారు. మీకు అంత తీరిక ఎక్కడ, ఈ ఒక్కటే ఆరుసార్లు చొప్పున పొద్దున, మధ్యాహ్నం, రాత్రి చేయండి చాలు.

ఊపిరి వ్యాయామం చేసే అలవాటు ఉంటే భ్రామరి ప్రాణాయామం దవడకు అచ్చంగా సరిపోతుంది. పెదవులు మూసి, పళ్లు విడిగా ఉంచి తుమ్మెదలా ఝుంకారం చేస్తాం కదా, ఆ అదురు చెంపల్లోకి తెలుస్తుంటే కండరం తనంతట తనే వదులవుతుంది. పళ్లు కలిపి మాత్రం చేయకండి.

తిండి విషయంలో నొప్పి ఎక్కువగా ఉన్న కొన్ని వారాలు జంతికలు, సకినాలు, చేగోడీలు, పల్లీ పట్టీ, చెరుకు, మొక్కజొన్న పొత్తు పక్కన పెట్టండి. పప్పన్నం, ఇడ్లీ, పెరుగన్నం లాంటివి తినండి. రెండు వైపులా నమలండి. ఆవలింత వస్తే గడ్డం కింద పిడికిలి పెట్టి ఆపండి, నోరు బార్లా తెరవకండి. బోర్లా పడుకోవద్దు.

2023 చివర్లో బ్రిటిష్ వైద్య పత్రిక బీఎంజేలో వచ్చిన మార్గదర్శకాలు కూడా ఈ దీర్ఘకాలపు దవడ నొప్పికి దవడ వ్యాయామాలు, సాగదీయడం, నొప్పి ఉన్న చోట నొక్కి చేసే చికిత్స, ఆలోచనా తీరు మార్చే కౌన్సెలింగ్, వీటికే పెద్ద పీట వేశాయి. కరుపును శాశ్వతంగా మార్చేసే పళ్ల తొడుగుల్లాంటివి, అంటే మళ్లీ వెనక్కి తీసుకోలేనివి, వద్దన్నాయి. అలాంటిదేదైనా ఎవరైనా మీకు చెప్తే ఇంకొకరి అభిప్రాయం తీసుకోకుండా ఒప్పుకోవద్దు.

ఇదంతా కొన్ని వారాలు విడవకుండా చేయండి. రెండు మూడు రోజుల్లో తేడా కనిపించలేదని మానేయొద్దు. నెలన్నర చేసినా తగ్గకపోతే దగ్గర్లోని డెంటల్ కాలేజీలో ఓరల్ మెడిసిన్ విభాగానికి వెళ్లండి, మీకైతే విజయవాడ ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. ఇంకొక్క మాట. మీవారు వచ్చిన ఆదివారం అత్తయ్యగారి పనులు ఆయనకు అప్పజెప్పి మీరు పడుకోండి. ఈ ఉత్తరం ఆయనకు చూపించి నేనే చెప్పానని చెప్పండి.

ప్రశ్న: మేడం, నేను గ్రూప్-2కి ప్రిపేర్ అవుతున్నాను. హైదరాబాద్ చిక్కడపల్లి లైబ్రరీలో పొద్దున్నుంచి రాత్రి దాకా చదువుతాను. కొంతకాలంగా నోరు తెరిస్తే కుడి చెవి ముందు టక్ మని సౌండ్ వస్తోంది. నొప్పి లేదు. ఎముక అరిగిపోతోందేమోనని భయంగా ఉంది. నిద్ర రాకుండా చూయింగ్ గమ్ నములుతాను, ముఖానికి షేప్ వస్తుందని ఫ్రెండ్స్ కూడా అన్నారు.
– 26 ఏళ్ల పాఠకుడు

జవాబు: గమ్ ఈ రోజే మానెయ్ తమ్ముడూ. పైన బ్యాంకు అక్కకు టెన్షన్ చేసిన పనే నీకు గమ్ చేస్తోంది, పైగా నీకు రెండూ ఉన్నాయి. గమ్ నమిలితే మాసెటర్ కండరం లావవుతుంది నిజమే, లావైన కండరం ఇంకా గట్టిగా బిగుస్తుంది. నోట్లో పెట్టుకుని కొరికే రబ్బరు బంతులు అమ్ముతున్నారు, వాటి జోలికీ పోవద్దు.

శబ్దం గురించి భయపడకు. దవడ కీలు మోకాలిలా ఒట్టి మడతబందు కాదు, నోరు తెరిచేటప్పుడు మొదట తిరుగుతుంది, తర్వాత ముందుకు జారుతుంది. ఎముకల మధ్య మెత్తటి చిన్న బిళ్ల ఉంటుంది. అది కాస్త పక్కకు జరిగి మళ్లీ తన చోటికి వచ్చేటప్పుడు టక్ మంటుంది. నొప్పి లేకుండా, నోరు మామూలుగా తెరుచుకుంటూ ఉంటే ఒట్టి శబ్దానికి వైద్యం అక్కర్లేదు. ఎంతోమందికి ఉంటుంది. ఫ్రెండ్స్‌కి వినిపించడానికి పదేపదే టక్‌టక్ మనిపించకు. చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్లు మూడూ కలిపి నిలువుగా ముందు పళ్ల మధ్య పడుతున్నాయో లేదో చూసుకో. పడితే నోరు సరిగ్గా తెరుచుకుంటున్నట్టే. ఎప్పుడైనా నోరు సగం తెరుచుకుని ఆగిపోయినా, తెరిచాక మూతపడకపోయినా అప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మూతపడకపోతే బలవంతంగా తొయ్యకుండా వెంటనే వెళ్లాలి.

ఎలా కూర్చుని చదువుతున్నావో రాయలేదు గానీ నాకు తెలుసు. పుస్తకం బల్ల మీద పడుకోబెట్టి, గడ్డం అరచేతిలో పెట్టి, మెడ ముందుకు వంచి. అరచేయి అలా గంటల తరబడి దవడను ఒక పక్కకు తోస్తుంది. పుస్తకం కింద ఇంకో రెండు పుస్తకాలు పెట్టి ఎత్తు చేసుకో, పెన్ను కొరకడం ఉంటే మానుకో. నిద్ర రాకుండా ఉండటానికి గమ్‌లు, కాఫీలు కాదు, గంటకోసారి లేచి బయట నాలుగు అడుగులు నడువు. సాయంత్రం అయిదు తర్వాత కాఫీ తాగితే దానిలోని కెఫీన్ సగం రాత్రి పదింటికి కూడా ఒంట్లోనే ఉంటుంది, నిద్ర కలతగా పడుతుంది, అలాంటి నిద్రలోనే పళ్లు కొరకడం ఎక్కువ. పరీక్ష గురించిన దిగులు మరీ ముసురుకుంటే 14416కి ఫోన్ చెయ్, టెలి మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 నుంచి నడుపుతున్న ఉచిత సేవ, తెలుగులో మాట్లాడతారు. చిన్న విషయానికి ఎందుకులే అనుకోకు.

ప్రశ్న: మా పాపకు ఆరేళ్లు. నిద్రలో పళ్లు కరకరా కొరుకుతుంది. కడుపులో నులిపురుగులుంటే ఇలా కొరుకుతారని మా అమ్మ అంటుంది. మందు వేయించాం, అయినా ఆగలేదు. స్కూల్ మారింది, ఆ బెంగ వల్లేమోనని నా అనుమానం.
– ఒక తల్లి, కర్నూలు

జవాబు: మీ అమ్మగారి మాట మన ఇళ్లన్నింట్లో ఉన్నదే. నులిపురుగుల మందు వేయించడం ఎలాగూ మంచిదే, బళ్లలో, అంగన్‌వాడీల్లో ఫిబ్రవరిలో, ఆగస్టులో ఇస్తూనే ఉంటారు. కానీ పళ్లు కొరకడానికి పురుగులే కారణమని తేల్చి చెప్పలేం, మందు వేసినా ఆగలేదని మీరే చూశారు. ఈ వయసు పిల్లల్లో నిద్రలో కొరకడం చాలా మామూలు. పాల పళ్లు కాస్త అరిగినా అవి ఎలాగూ ఊడేవే, ఎక్కువమందికి పెరిగేకొద్దీ ఈ అలవాటు దానంతటదే పోతుంది. మీ పాపకు పళ్లకు తొడిగే మౌత్ గార్డులూ అవీ ఇప్పుడు అక్కర్లేదు.

ఒకటి మాత్రం చూడండి. పాప నోరు తెరుచుకుని నిద్రపోతోందా, గురక పెడుతోందా, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడుతోందా? అలా ఉంటే ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్స్ అనే మెత్తటి కండలు పెరిగాయేమో చెవి ముక్కు గొంతు డాక్టర్‌కు చూపించాలి. అవేవీ లేకపోతే పడుకునే గంట ముందు ఫోన్, టీవీ ఆపేసి, పక్కన పడుకుని బడి కబుర్లు అడగండి. "కొత్త ఫ్రెండ్స్ ఉన్నారా" అని అడిగితే "ఆ" అని ఊరుకుంటారు పిల్లలు, "ఇవాళ ఎవరి పక్కన కూర్చున్నావ్, ఎవరితో కలిసి అన్నం తిన్నావ్" అని అడగండి, అన్నీ బయటికి వస్తాయి. పళ్లు కొరుకుతున్నావని తిట్టొద్దు, నిద్రలో చేసేది తనకు తెలియదు.

ప్రశ్న: నేను డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, 41 ఏళ్లు. మా కంపెనీలో లేఆఫ్‌లు మొదలైనప్పటి నుంచి ఆందోళనకు సెర్ట్రలీన్ వాడుతున్నాను. మనసు కాస్త కుదుటపడింది గానీ దవడ బిగుసుకోవడం ఎక్కువైంది. నైట్ గార్డ్ ఆన్‌లైన్‌లో కొన్నాను, దాన్ని కూడా నమిలేస్తున్నాను. బొటాక్స్ చేయించుకోమని ఒకరు, మందు ఆపెయ్యమని ఒకరు అంటున్నారు.

జవాబు: మందు మీ అంతట మీరు ఆపొద్దు అండీ. సెర్ట్రలీన్, ఫ్లూఓక్సిటిన్ లాంటి మందులు కొందరిలో పళ్లు బిగించడాన్ని పెంచుతాయి, అది తెలిసిన విషయమే. కాబట్టి రాసిచ్చిన డాక్టర్‌కు ఈ సంగతి స్పష్టంగా చెప్పండి. మోతాదు మార్చడమో, వేరే మందుకు మార్చడమో ఆయన చూస్తారు. ఒక్కసారిగా ఆపేస్తే తల తిరగడం, చిరాకు, పాత ఆందోళన తిరగబెట్టడం లాంటివి రావచ్చు. మందు మొదలయ్యాక ఎప్పటి నుంచి దవడ బిగుసుకుంటోందో తారీఖు గుర్తుంటే రాసుకుని వెళ్లండి, డాక్టర్‌కు తేల్చుకోవడం తేలికవుతుంది.

నైట్ గార్డ్ పళ్లను అరగకుండా కాపాడుతుంది, బిగించడాన్ని ఆపదు. మెత్తటి రబ్బరు గార్డ్ కొందరికి నమలాలనిపించేలా చేస్తుంది, మీకు జరుగుతున్నది అదే. పెట్టుకోవాలనుకుంటే డెంటిస్ట్ మీ పళ్ల అచ్చు తీసి చేయించే గట్టిదే మేలు. బొటాక్స్ కండరాన్ని కొన్ని నెలలు బలహీనం చేస్తుంది, తర్వాత ప్రభావం పోతుంది, కాబట్టి ముందుగా చేయించుకోవాల్సింది అది కాదు. పడుకునే ముందు పెగ్గు వేసుకుంటే నిద్ర పడుతుందనుకుంటారు చాలామంది. మద్యం, పొగ, రెండూ నిద్రలో కొరకడాన్ని పెంచేవే. పెద్దగా గురక, పగలు నిద్రమత్తు ఉంటే నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు, స్లీప్ అప్నియా, ఉందేమో పరీక్ష కూడా చేయించుకోండి. రాజమండ్రి పాఠకురాలికి చెప్పిన బొట్టుబిళ్ల పని మీరు మానిటర్ మీద స్టిక్కర్‌తో చేయొచ్చు, ముఖ్యంగా మీటింగుల్లో మ్యూట్‌లో ఉండి వింటున్నప్పుడు గమనించండి.

ప్రశ్న: నేను లారీ డ్రైవర్‌ని. నాలుగైదు నెలలుగా నోరు పూర్తిగా తెరుచుకోవడం లేదు. ముద్ద కూడా చిన్నది పెట్టుకోవాల్సి వస్తోంది. కారం తగిలితే నోరంతా మంట. ఈఎంఐల టెన్షన్ ఉంది, దానివల్లే దవడ పట్టేసిందని మెడికల్ షాపులో మాత్రలు ఇచ్చారు. రోజూ వక్కపొడి ప్యాకెట్లు వేసుకుంటాను.
– గుంటూరు జిల్లా

జవాబు: అన్నా, ఇది టెన్షన్ కాదు. వక్క వల్ల బుగ్గల లోపలి పొర గట్టిపడి నారలా బిగుసుకుపోయే జబ్బు అయి ఉంటుందని నా గట్టి అనుమానం, సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. టెన్షన్‌తో పట్టేసిన దవడకు కారం తగిలితే మంట పుట్టదు, నీకు మంట ఉంది. నోట్లో వేలు పెట్టి బుగ్గ లోపల తడిమితే తాళ్లలా తగులుతాయేమో, అద్దంలో చూస్తే పాలిపోయి తెల్లగా కనిపిస్తోందేమో చూడు. ఇది కొందరిలో క్యాన్సర్‌గా మారుతుంది. పొగాకు కలవకపోయినా సరే, వక్క ఒక్కటే చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే వక్కను మనుషుల్లో క్యాన్సర్ తెచ్చే పదార్థాల మొదటి వర్గంలో పెట్టింది. ప్యాకెట్ మీద ఏం రాసి ఉన్నా నమ్మకు.

ఇవాళ్టి నుంచి వక్కపొడి ఆపెయ్. తగ్గించడం కాదు, ఆపెయ్యాలి. ఈ వారంలోనే డెంటల్ కాలేజీకి వెళ్లి నోరు చూపించుకో, అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తారు. గట్టిపడిన పొర పూర్తిగా మునుపటిలా అవ్వదు, కానీ ఇప్పుడు ఆపితే ముదరకుండా ఆపొచ్చు, నోరు తెరిచే వ్యాయామాలు, మందులు ఉన్నాయి. రాత్రి డ్రైవింగ్‌లో నిద్ర ఆపుకోవడానికి వేసుకుంటున్నావని తెలుసు, మానడం ఎంత కష్టమో కూడా తెలుసు. మానడానికి సాయం కావాలంటే 1800 112 356కి ఫోన్ చెయ్, డబ్బులు పడవు.

ప్రశ్న: మా నాన్నగారికి 63 ఏళ్లు, షుగర్ ఉంది. మెట్లెక్కినా, వేగంగా నడిచినా కింది దవడ ఎడమవైపు లాగినట్టు నొప్పి వస్తుందంటున్నారు, కూర్చుంటే అయిదు నిమిషాల్లో తగ్గిపోతోంది. చెల్లి పెళ్లి టెన్షన్ వల్ల అనుకుంటున్నాం. ఏ వ్యాయామం చేయించమంటారు?
– నిజామాబాద్

జవాబు: ఏ వ్యాయామమూ వద్దు బాబూ. మీ ఉత్తరం అందగానే ఇందులో ఇచ్చిన నంబరుకు మా ఆఫీసు నుంచి ఫోన్ చేయించాను, ఇది చదివే మిగతావాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను. నడిస్తే వచ్చి కూర్చుంటే తగ్గే దవడ నొప్పి గుండెది అయ్యే అవకాశం ఉంది. షుగర్ ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో గుండెనొప్పి ఛాతీలో కాకుండా దవడలో, మెడలో, భుజంలో, పై పొట్టలో కనిపించడం అరుదేమీ కాదు. నమిలినప్పుడు, ఆవలించినప్పుడు, నొక్కినప్పుడు వచ్చేది కండరం నొప్పి. నడిచినప్పుడు వచ్చేది వేరు. నాన్నగారిని ఆలస్యం చేయకుండా గుండె డాక్టర్‌కు చూపించి ఈసీజీ తీయించండి, ఈసీజీ బాగున్నా మెట్లెక్కితే వస్తోందన్న మాట తప్పకుండా చెప్పండి, దాన్ని బట్టి మిగతా పరీక్షలు చేస్తారు. అప్పటిదాకా పెళ్లి పనులకు ఆయన్ను తిప్పొద్దు. కూర్చుని ఉన్నప్పుడు నొప్పి వచ్చినా, తగ్గకపోయినా, చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా బండి మీద తీసుకెళ్లకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి.